వెలికవ్వ బండి కంప్యూటరు

ప్రపంచంలోని యంత్రాలన్నీ ఒకేసారి గుడ్లు తేలేసినా, సూర్యుడు పొద్దున్నే స్టార్టు కాక కొండ వెనకే గురగురమని ఆగిపోయినా, చివరికి భూమి తిరగడం మానేసినా కంగారు పడాల్సిన పనిలేదు. మా అవ్వ వెలిక కిందికి దిగి, తలగుడ్డ బిగించి, వెనకనుంచి ఒక్క తోపు తోస్తే చాలు. భూమి రెండుసార్లు దగ్గి మళ్ళీ కదులుతుంది. కాకపోతే కదిలేదాకా నోటికొచ్చిన తిట్లన్నీ పడాలి.

వెలిక ముప్పై ఏడేళ్ళు రొట్టెల బండి నడిపింది. లోయలో ఉన్న బేకరీ నుంచి పైన కొండల్లో ఉన్న బుకోవా, సుహద్రెన్, వర్తోప్ అనే మూడూళ్ళకి రోజూ పొద్దున్నే రొట్టె చేరవేయడం ఆమె పని. బండి బేకరీది, రష్యాలో చేసింది, బూడిదరంగుది. కూతురికన్నా రెండేళ్ళు పెద్దది, కూతురికన్నా ఎక్కువ మాట వినేది. వెనక తలుపులు తాడుతో కట్టాలి. డ్రైవరు పక్క సీటు దగ్గర నేలకి అరచేయంత కన్నం ఉండేది. ఎవరైనా దాన్ని చూసి నొసలు చిట్లిస్తే, "కింద రోడ్డుందో లేదో చూసుకోడానికి" అనేది వెలిక.

ఆమె భర్త అసెన్ దర్జీ, సాధువులాంటి మనిషి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ బండి ఒక్కసారే ఎక్కాడు. వర్తోప్ మలుపు దగ్గర దిగిపోయి, ఎనిమిది కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చాడు. ఈ కథ నాటికి ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా వెలిక ఆ సంగతి మాత్రం క్షమించలేదు.

ఇంజను మనసులో మాట వినడానికి ఆమె దగ్గర ఒక చెక్కగరిటె ఉండేది. గరిటె ఒక కొన ఇంజను మీద, రెండో కొన చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని, డాక్టరులా మొహం పెట్టేది. ఇంకో వస్తువు పొగాకు గుచ్చే సూది. జానెడు పొడుగు, బల్లపరుపుగా ఉంటుంది. వాళ్ళమ్మ దాంతో జీవితమంతా పొగాకు ఆకులు తాడుకి గుచ్చింది. ఆ సూదిని వెలిక జేబులోంచి ఎప్పుడూ తీసేది కాదు. ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. ఆమె సీట్లో ఇంకొకరు కూర్చున్న రోజూ లేదు.

ఎత్తు ఎక్కేటప్పుడు బ్రేకు తొక్కేవాళ్ళంటే ఆమెకి అసహ్యం. చేతులకి తొడుగులేసుకుని బండి నడిపేవాళ్ళన్నా అంతే. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని చూస్తే జాలి. ఇక 1999 శరత్కాలంలో గలిన్ వచ్చాడు. వాణ్ణి ఏ కోవలో వెయ్యాలో ఆమెకి కొన్నాళ్ళు అర్థం కాలేదు.

గలిన్ బేకరీ యజమాని మలామోవ్ భార్యకి మేనల్లుడు. పాతికేళ్ళవాడు. తెల్లగా మెరిసే జర్మనీ వ్యానుతో దిగాడు. దాని అద్దం కింద లైట్లు పెళ్ళిపందిరిలా వెలుగుతాయి. ఆ వ్యాను ఎక్కడ కొన్నావని అడిగితే "తెలిసినవాళ్ళ దగ్గర" అనేవాడు. ఆ ఏడు మా ఊళ్ళో సగం బండ్లు తెలిసినవాళ్ళ దగ్గర కొన్నవే. ఆ తెలిసినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

రెండువేల జబ్బు సంగతి బేకరీ వాకిట్లో మొదట ఎత్తింది వాడే.

"పెద్దమ్మా, కంప్యూటర్లకి ఏడాదిలో చివరి రెండంకెలే తెలుసు. ముప్పై ఒకటో తేదీ అర్ధరాత్రి రెండు సున్నాలు పడగానే ఇది 1900 అనుకుంటాయి. 1900లో బండ్లెక్కడివి? అందుకని ఎక్కడివక్కడ ఆగిపోతాయి."

వెలిక రొట్టెల ట్రేలు ఎక్కిస్తూ తల తిప్పలేదు. "1900లో నువ్వూ లేవుగా. నువ్వు కూడా ఆగిపోతావా?"

"నవ్వులాట కాదు పెద్దమ్మా. టీవీలో ప్రొఫెసర్లు చెప్తున్నారు."

"నా బండికి ఇవాళ గురువారమని కూడా తెలీదు. చలికాలమో ఎండాకాలమో తెలుసు, అదీ నేను తిడితేనే."

"మూడు సున్నాలు పెద్దమ్మా! రెండు, ఆ పక్కన మూడు సున్నాలు!"

అప్పుడు వెలిక ట్రే కింద పెట్టింది. "మొన్న జులైలో మన డబ్బుమీది మూడు సున్నాలు కొట్టేశారు గుర్తుందా? పదివేల లేవాలు పొద్దున లేచేసరికి పది లేవాలయ్యాయి. ఎవడైనా చచ్చాడా? మూడు సున్నాలు పోతే బతికినోళ్ళు, మూడు సున్నాలొస్తే చస్తారేంట్రా?"

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు, మలామోవ్ తప్ప. ఆయనకి రెండు భయాలు. ఒకటి రెండువేల జబ్బు. రెండోది భార్య. ఈ రెండూ ఒకే వైపు లాగుతున్నాయి. డిసెంబరు మొదట్లో గేటుకి కాగితం అంటించాడు: కంప్యూటరు పరీక్ష పాసైన బండ్లు మాత్రమే జనవరి ఒకటి నుంచి రొట్టె మోయాలి.

వెలిక ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి ఏమీ తినలేదు. కంప్యూటరంటే ఆమెకి భయంలేదు. బండి దిగాక ఏం చెయ్యాలన్నదే భయం. వీధి చివర బల్లమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, వచ్చేపోయేవాళ్ళ చెప్పులు లెక్కపెట్టే ముసలమ్మలు నలుగురున్నారు. ఐదో చోటు ఖాళీగా ఉంది. అటువైపు వెళ్ళేటప్పుడు ఆమె ఎప్పుడూ గేరు మార్చి వేగం పెంచేది.

పరీక్ష చెయ్యడానికి జిల్లా కేంద్రం నుంచి ఇంజనీరు హుబెనోవ్ వచ్చాడు. సన్నగా, జలుబు మొహంతో ఉన్నాడు. చంకలో చిన్న పెట్టె కంప్యూటరు, చేతిలో ఫారాల కట్ట. గలిన్ వ్యానుని పది నిమిషాలు చూసి ముద్ర కొట్టాడు. గలిన్ ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడిగించి అద్దానికి అంటించుకున్నాడు. తర్వాత బూడిదరంగు బండి వంతు వచ్చింది.

"దీని కంప్యూటరు ఎక్కడుందండీ?"

"లేదు."

"లేకుండా ఎలా ఉంటుంది?"

"తోక లేకుండా నువ్వు లేవా?"

హుబెనోవ్ ఫారం తిరగేసి చూశాడు. "లేదు అని రాయడానికి గడి లేదమ్మా. కంప్యూటరు రకం రాయాలి. తేదీ ముందుకి జరిపి చూడాలి. బాగుంటే బాగుందని రాయాలి. కంప్యూటరే లేకపోతే బాగుందని ఎలా రాయను?"

"అంటే, జబ్బు దూరడానికి ఒంట్లో చోటే లేనిదానికి జబ్బు లేదని చెప్పలేవు. అంతేనా?"

"చెప్పలేను. రూలు ఒప్పుకోదు."

వెలిక అతన్ని బూజుపట్టిన రొట్టెని చూసినట్టు చూసింది. మనవరాలు, అంటే ఇది రాస్తున్న మనిషే, బడి నుంచి వచ్చి పక్కనే నిలబడి ఉంది. అవ్వ దాని చెయ్యి పట్టి లాగి, శనివారం సంతలో కొన్న గులాబీరంగు ప్లాస్టిక్ వాచీ ఊడదీసింది. స్టీరింగు కింద ఉన్న కడ్డీకి కట్టింది.

"ఇదిగో కంప్యూటరు. చూడు."

హుబెనోవ్ ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత పెన్ను మొనతో వాచీ మీట నొక్కుతూ పోయాడు. డిసెంబరు ముప్పై ఒకటి వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. జనవరి ఒకటి వచ్చింది. వాచీ కీచుమంది, నడుస్తూనే ఉంది. అందులో ఏడాది అనేదే లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా రాశాడు: రకం, చేతికి కట్టుకునేది. రంగు, గులాబీ. ఫలితం, రెండువేల సంవత్సరానికి సిద్ధం. ముద్ర కొట్టి, వేడి రొట్టె ఏదైనా ఉందా అని అడిగాడు. వెలిక నిన్నటిది ఇచ్చింది.

కాగితమైతే వచ్చింది. అది ఉపయోగపడలేదు. ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం మలామోవ్ టోపీ చేతుల్లో నలుపుతూ వచ్చాడు.

"వెలికక్కా, కొత్త ఏడాది నుంచి పైదారి గలిన్ చూసుకుంటాడు. నువ్వు చాలా కష్టపడ్డావు. ఇక విశ్రాంతి తీసుకో."

"కాగితం ఉందిగా."

"ఉంది. కానీ అది వాచీ అక్కా."

"మరి వాడిది?"

మలామోవ్ కిందికి చూశాడు. "మా ఇంట్లో పరిస్థితి నీకు తెలీనిదా... తాళంచెవి ఇచ్చెయ్యి. రేపు అవసరమైతే వాడుకోడానికి నీ బండీ ఉంటుంది."

వెలిక తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అది చూసి ఆయన ఇంకా భయపడ్డాడు.

ఇంటికొచ్చి చెక్కగరిటె వంటింట్లో పడేసింది. సాయంత్రం అదే గరిటెతో పులుసు కలిపింది. ఒక చుక్క రుచి చూసి, గిన్నెతో సహా పెరట్లో పారేసింది. ముప్పై ఏళ్ళ పెట్రోలు ఒక్క సాయంత్రంలో పోదు కదా.

జనవరి ఒకటి పొద్దున లోకం ఉన్నచోటే ఉంది. పిల్లలు అలంకరించిన కొమ్మలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు. పెద్దవాళ్ళ వీపు మీద కొట్టి, ఏడాదంతా చల్లగా ఉండమని దీవించి, చిల్లర పుచ్చుకుంటున్నారు. మనవరాలు అవ్వ వీపు మీద నాలుగు గట్టిగానే వేసింది, వాచీ కోపం ఇంకా పోలేదు. వెలిక జున్ను రొట్టె పొరలు పరుస్తోంది. తలుపు చప్పుడైంది. వాకిట్లో మలామోవ్.

"వెలికక్కా, తాళంచెవి తిరగట్లేదు."

"ఏ బండిది?"

"నీదే. గలిన్ బండి... దానికి జబ్బొచ్చింది అక్కా. నిజంగా వచ్చింది. నువ్వొచ్చి చూడు."

బేకరీ వాకిట్లో ట్రేల నిండా రొట్టెలు పొగలు కక్కుతూ మంచులో చల్లారిపోతున్నాయి. తెల్ల వ్యాను ఉండుండి కూత పెడుతోంది. ముందు దీపాలు వెలిగి ఆరుతున్నాయి. గలిన్ మొహం పిండిలా పాలిపోయింది.

"రాత్రి ఏం చేశావు దీన్ని?" అంది వెలిక.

"ఏమీ చెయ్యలేదు పెద్దమ్మా. జాగ్రత్త కోసమని బ్యాటరీ పీకి మంచం కింద పెట్టుకున్నా. పొద్దున మళ్ళీ తగిలించా. అంతే, ఒకటే కూత. నాలుగంకెల నంబరు కొట్టమంటోంది. 2000 కొట్టా, ఒప్పుకోలేదు. 1900 కొట్టా. నా పుట్టిన సంవత్సరం కూడా కొట్టా."

"జబ్బు లేదని ముద్రేసిన కాగితం ఆ అద్దానికుంది. మరి బ్యాటరీ ఎందుకు పీకావు?"

వాడు ప్లాస్టిక్ తొడిగిన ఆ కాగితం అంచుని గోటితో గీకాడు.

"ఇది రెండువేల జబ్బు కాదురా. బ్యాటరీ పీకినవాడు దొంగేమోనని బండి అనుమానపడుతోంది. నంబరు చెప్తే ఊరుకుంటుంది. ఆ నంబరు దాని అసలు యజమానికి తెలుసు. ఫోన్ చేసి అడుగు."

"ఆయనెవరో నాకేం తెలుసు?" అనేశాడు గలిన్.

వాకిట్లో ఎవరూ నవ్వలేదు. కూత కూడా అప్పుడే ఆగింది. మలామోవ్ మేనల్లుణ్ణి చూశాడు, వ్యానుని చూశాడు, ఆ తర్వాత ఇంటికెళ్ళి భార్యకి ఏం చెప్పాలా అని కాబోలు ఆకాశం చూశాడు.

"బండికున్నపాటి సిగ్గు కూడా లేదు నీకు," అంది వెలిక. అని తన బండివైపు నడిచింది.

మలామోవ్ తాళంచెవి అందించబోయాడు. ఆమె తీసుకోలేదు. జేబులోంచి పొగాకు సూది తీసి తాళం కన్నంలో గుచ్చి, కాస్త ఎడమకి వంచి తిప్పింది. బండి దగ్గింది, ఉమ్మింది, గురగురమంది.

"ఆ తాళంచెవి ఎనభై మూడు నుంచీ పనిచెయ్యట్లేదు," అంది.

"మరి నిన్న నాకెందుకిచ్చావక్కా?"

"అడిగావుగా."

అవ్వ వెంటే వచ్చిన మనవరాలు కొమ్మతో బండి వీపు మీద కూడా నాలుగు వేసింది. వెలిక దించిన అద్దంలోంచి మలామోవ్‌ని చూసింది. "ఏం చూస్తున్నావు? ట్రేలు ఎక్కించు. పైన దించేది కూడా నువ్వే. ఎక్కు."

మలామోవ్ పక్క సీట్లో కూర్చుని, కాళ్ళ మధ్య కన్నంలోంచి కొండదారి పరుగెడుతుంటే చూస్తూ, ఒక్కో మలుపులో ఒక్కో దేవుణ్ణి తలుచుకున్నాడు. వర్తోప్ మలుపు దగ్గర దిగుతానన్నాడు. "మా ఆయనా ఇక్కడే దిగాడు," అంది వెలిక. అది విని ఆయన కూర్చుండిపోయాడు. వర్తోప్‌లో పదిమంది ముసలివాళ్ళు మంచులో నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన పేరు వసిల్. ఆ రోజు ఆయన నామదినం, అంటే ఆయన పేరుగల పునీతుడి పండగ, ఇంటినిండా చుట్టాలు, చేతిలో ఖాళీ సంచి. రొట్టె ఒక గంట ఆలస్యమైందని వెలికని తిట్టాడు. లోకం ఆగిపోతుందన్న కబురు ఆయనదాకా చేరనే లేదు.

దిగివచ్చేటప్పుడు మలామోవ్ గొంతు సవరించుకున్నాడు. "రేపు కూడా రా అక్కా. ఎల్లుండి కూడా."

"మీ ఆవిడో?"

"నేను చెప్పుకుంటాలే."

"అయితే తాళంచెవి ఇటివ్వు."

ఇచ్చాడు. వెలిక స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో దాన్ని నేలకన్నంలోంచి రోడ్డు మీదికి జారవిడిచింది.

తర్వాత ఆరేళ్ళు నడిపింది. బండే ముందు పోయింది, ఆమె కాదు. ఆ ఆరేళ్ళూ గులాబీరంగు వాచీ స్టీరింగు కిందే వేలాడింది, తిరిగి ఇవ్వలేదు. ఇవాళ ఆమెకి చెవులు సరిగ్గా వినపడవు. అందుకని ఇదంతా రాసి, మనవరాలు ఆమె పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించింది. వెలిక కదలకుండా చివరిదాకా విని, ఎలా ఉందవ్వా అంటే, ఇలా అంది:

"మొదట్లో నేను తోస్తానని రాశావు చూడు, అది కొట్టెయ్. నేనేనాడూ బండిని తొయ్యలేదు. తోసేదాకా తెచ్చుకునేవాడు డ్రైవరే కాదు."