బొంబాయికి పంపిన రెండు సీసాలు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా ఆయన బొంబాయిలో ఒక వర్క్‌షాపులో పనిచేసేవారు. విమానాల్లో వాడే గడియారాల డయళ్ల మీద అంకెలు దిద్దడం ఆయన పని. చీకట్లో వెలిగే రంగు అది. అంకె సన్నగా రావాలని కుంచె కొసను పెదాల మధ్య తడిపి మొన చేసుకునేవారట. యుద్ధం ముగిశాక రాయపూర్‌లో రైల్వే గుమస్తా ఉద్యోగం దొరికింది. ఆ ఊళ్లోనే గుఢియారీ పేటలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టాం.

నాలుగేళ్లకు కింది పన్ను ఒకటి పీకించుకున్నారు. ఆ పుండు మానలేదు. పక్క పన్ను దానంతటదే ఊడివచ్చింది. ఆసుపత్రి డాక్టరు పాత ఉద్యోగం సంగతి విని, రాయడం ఆపేశాడు. ఒక పగలూ ఒక రాత్రీ పోసిన మూత్రమంతా పట్టి తెమ్మన్నాడు. ఆ రంగులో ఉండే రేడియం ఒంట్లో చేరి ఉంటే మూత్రంలో కొంచెం కొంచెం బయటపడుతుందట. బొంబాయిలో కొలుస్తారట. పోల్చి చూడటానికి నాది కూడా కావాలన్నాడు.

రెండు పెద్ద సీసాలు వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఆయన సీసాకు ఎర్రగుడ్డ ముక్క కట్టాను.

"ఓమా కా రఖే హస్, దీదీ?" అందులో ఏం పెట్టావని పక్కింటావిడ అడిగింది.

"దవాయి" అన్నాను, మందని.

ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. "ఇదేటే నా ఖర్మ" అంటూ సీసా పట్టుకుని దొడ్లోకి వెళ్తూ నవ్వారు. నేను బియ్యం ఏరుతున్నాను, తలెత్తలేదు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. డాక్టరు హిందీలో చెప్పాడు. ఆయనకు ఉంది. ఎముకల్లో చేరిపోయింది, తీసే మందు లేదు. నాకు లేదు. నాకు సరిగా అర్థం కాలేదేమోనని ఆయన బయటికొచ్చాక మళ్లీ చెప్పారు.

"నీకేటీ లేదట. బిల్కుల్ సాఫ్."

"మరి మీకో?"

"విన్నావు కదా. నీకు లేదు, అది చాల్లే."

ఆయన ముఖంలో నిజంగానే సంతోషం కనిపించింది. నాకు ఏడుపు కూడా రాలేదు. మెత్తగా ఉడుకుతాయని దారిలో వంకాయలు కొన్నాను.

మరో రెండేళ్లు, దవడకు మఫ్లరు చుట్టుకుని, మండే ఎండల్లో కూడా డ్యూటీకి వెళ్లారు. చివరి నెలలన్నీ జావే. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్లు నాది గట్టి గుండె అన్నారు. సాయంత్రం ఎవరో పెరుగన్నం కలిపి ఇస్తే తినేశాను.