ఇద్దరు నడిపే పడవ

అజ్మాన్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఒక రాజమండ్రి ఆయన ఉండేవారు. పందేల్లో నడిపే చిన్న తెరచాప పడవ, పాతదైనా సరే, ఒకటి కొనాలని ఆయన ఆశ. ముందు ఇక్కడి సముద్రంలో, ఆ తర్వాత గోదావరిలో నడపాలట. సెలవు రోజుల్లో నన్ను వెంటబెట్టుకుని అమ్మకానికున్న పడవలు చూసేవారు. ప్రతిదాన్నీ పిడికిలితో తట్టి, చెవి ఆనించి వినేవారు. చప్పుడు మెత్తగా ఉంటే అడుగు నీరు పీల్చిందని వదిలేసేవారు.

"ఇద్దరు నడిపేదే కావాలి. ముందు కూర్చుని తెరచాప తాడు మా ఆవిడ చూసుకుంటుంది," అనేవారు.

ఆవిడ ఇక్కడికి వచ్చేలోపే కరోనా రెండో వేవ్‌లో ఊళ్లోనే పోయింది. వెళ్తే మళ్లీ ఉద్యోగానికి తిరిగొచ్చే విమానాల్లేవు. అంత్యక్రియలు ఫోన్‌లో చూశారు.

కొన్నాళ్లకు ఒక పడవ గట్టిగా పలికింది. అమ్మే మలబారీ, "భాయ్, అకేలా నహీ చలేగా," అన్నాడు. ఒంటరిగా నడపలేనని ఆయనకూ తెలుసు. నా వైపు తిరిగి, "నువ్వొస్తావా?" అన్నారు.

వెళ్లాను. ముందు కూర్చున్నాను. ఒడ్డు దూరమయ్యాక గాలి ఒక్కసారిగా తిరిగింది.

"ఏమేవ్, తాడు వదులు!" అని అరిచారాయన.

వదిలాను. ఒడ్డు చేరేదాకా ఆ తాడు నేనే చూసుకున్నాను.