వేలిముద్రల పైన నా ఉపన్యాసం

మా ఊరికి రావలసిన రోడ్డును ఒక్క అర పేజీ తెలుగుతో ఆపేసిన ఘనుణ్ణి నేను. వరద ఆపలేదు, కోర్టు ఆపలేదు, కాంట్రాక్టరు పారిపోలేదు. నా చేతిరాత ఆపింది. పైగా ఆ రోజు నాకు చప్పట్లు కూడా కొట్టారు. కొట్టినవాళ్ళే నెల తిరక్కుండా నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఇందులో నవ్వుకోవలసింది బోలెడుంది, మీరు మొహమాటం లేకుండా నవ్వుకోండి. నేను మాత్రం ఈ సంగతి చెప్పేటప్పుడు సగం దాకానే నవ్వగలను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. సంగారెడ్డిలో బీకాం పూర్తి చేసి, పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో అకౌంట్సు గుమస్తాగా చేరి ఆరు నెలలైంది. మొదటి జీతం స్లిప్పులో కింద ఒక మూల ‘వృత్తి పన్ను’ అని రాసి కొంత కోశారు. కోసింది ఒక సినిమా టికెట్టుకు, సోడాకు సరిపోతుంది. అంతే, ఆ రోజు నుంచి నేను పన్నులు కట్టే పౌరుణ్ణి అయిపోయాను. ఆదాయపు పన్ను కట్టేంత ఆదాయం నాకు లేదు, వచ్చే సూచనా లేదు. అయినా ఆ పన్ను పెరుగుతుందని పేపర్లో చదివితే మధ్యాహ్నం అన్నం సయించేది కాదు.

మా మేనేజరు రోజూ టీ తాగుతూ, సర్కారు పరిశ్రమలను పన్నులతో పిండేసి, ఆ డబ్బంతా పనికిమాలిన పనుల్లో పోస్తోందని బోధించేవాడు. "గుంత తవ్వుతారు, గుంత పూడుస్తారు. దానికి కూలి. ఆ కూలి మన జేబులోంచి" అనేవాడు. ఆయన ‘మన’ అన్నప్పుడల్లా అందులో నా జేబు కూడా ఉందని ఉప్పొంగిపోయేవాణ్ణి.

అది కరువు సంవత్సరం. వరుసగా రెండో ఏడు వానలు లేవు. నాట్లు లేవు, కలుపు లేదు, కూలి లేదు. మా అన్న పనిచేసే రంగుల ఫ్యాక్టరీకి అంతకు ముందే తాళం పడింది. అయినా అన్న పొద్దున్నే లేచి, యూనిఫాం వేసుకుని, గేటు దాకా వెళ్ళి, తాళం చూసి తిరిగి వచ్చేవాడు. ఇంట్లో అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను. అయిదుగురికీ కలిపి నా జీతం ఇరవయ్యో తారీఖు దాటేది కాదు.

అందుకే మా యాదమ్మ వదిన రోడ్డు పని మీద ఆశ పెట్టుకుంది. ఊరి నుంచి ఫ్యాక్టరీల రోడ్డు దాకా మొరం పోసి రోడ్డు వేస్తారట. పనికి ఆహారం పథకం కింద, మట్టి మోసినవాళ్ళకు కూలిగా బియ్యం, కొంచెం పైసలు ఇస్తారట. వదిన పాత తట్టను బాగు చేయించి, గోడకు ఆనించి పెట్టుకుంది. వారం రోజులుగా పిల్లలకు ‘పని మొదలైనంక’ అనే మాటతోనే అన్నం పెడుతోంది.

పని రావాలంటే గ్రామసభ తీర్మానం చేసి మండల ఆఫీసుకు పంపాలి. సభ బడి వరండాలో పెట్టారు. మా పంచాయతీ కార్యదర్శికి మూడు ఊళ్ళు చూసుకునే పని. ఆయన పద్ధతి ఒకటుంది. తీర్మానాల పుస్తకంలో పైన సగం పేజీ ఖాళీగా వదిలేసి, ముందు కింద అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకుంటాడు. తీర్మానం తర్వాత తీరిగ్గా పైన రాస్తాడు. సభ ముగిశాక మనుషులు దొరకరని ఆయన భయం. మాకూ అది అలవాటైపోయి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ రోజు అందరికంటే ముందు మా వదినే వెళ్ళి వేలు పెట్టింది. ముద్రలన్నీ అయ్యాక కార్యదర్శి మోపెడ్ స్టార్టు చేసుకుంటూ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"రవీందర్, నీ రాత మంచిగుంటది. రోడ్డు పని గావాలెనని నాలుగు లైన్లు రాసి సర్పంచ్ సాబ్‌కియ్యి. నేను ఇంకో ఊరికి పోవాలె."

నాలుగు లైన్లు. ఆయన అంత విడమరిచి చెప్పాడు. పాఠకులు ఈ విషయం గమనించాలి.

సర్పంచ్ పెంటయ్య నా భుజం తట్టాడు. "సదువుకున్న పిల్లగానివి, ఓ రెండు మాటలు మాట్లాడు బిడ్డా" అన్నాడు. సర్కారుకు దండం పెట్టి కూర్చుంటానని పాపం ఆయన అనుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! మట్టి పనులు శాశ్వత పరిష్కారం కావు" అని మొదలుపెట్టాను. "ప్రభుత్వం చెయ్యవలసింది ఖర్చు కాదు. పన్నులు తగ్గించడం!"

వెనక నుంచి మల్లేశం కాక లేచాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ మట్టి పని చేసి, ఇప్పుడు ఒక గోదాము ముందు వాచ్‌మన్‌గా కూర్చునే మనిషి. ఆయన పేపరు చదవడు, చదివినవాళ్ళను ప్రశ్నలు అడుగుతాడు.

"జెర ఆగు బిడ్డా. పన్నులు ఎవలికి తగ్గియ్యాలె?"

"పరిశ్రమలకు. అప్పుడవి పెరుగుతాయి. ఉద్యోగాలు వస్తాయి."

"మీ అన్న ఫ్యాక్టరీకి పన్ను మాఫీ ఉండె గదా. మాఫీ ఉన్నన్ని దినాలు సేటు నడిపిండు. అయిపోంగనే తాళమేసిండు. గప్పుడెందుకు పెరగకపాయె?"

అందరూ నవ్వారు. నేను చెయ్యి పైకెత్తాను. "అది ఒక్క ఫ్యాక్టరీ సంగతి. మనం స్థూలంగా చూడాలి."

"స్థూలంగ అంటే?"

"అంటే దూరం నుంచి, మొత్తంగా."

"దూరంకెల్లి సూస్తె నా కడుపు కనవడది బిడ్డా."

మళ్ళీ నవ్వులు. ఇక నా బ్రహ్మాస్త్రం తీశాను. "కాకా, పన్ను బాధ కట్టేవాడికే తెలుస్తుంది. నేను కడుతున్నాను!"

"నేను గడ్తలేనా? బీడీ కట్ట మీద, అగ్గిపెట్టె మీద, సబ్బు బిళ్ళ మీద ఎవలు గడ్తున్నరు? నాకు స్లిప్పు ఇయ్యరు, గంతే తేడా" అని కాక తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సర్కారు పని వెడితె గీ ఆడోళ్ళ చేతిల నాలుగు పైసలు వడ్తయ్. ఆళ్ళు నూనె కొంటరు, పిల్లగాండ్లకు అంగీలు కుట్టిస్తరు. కొట్టాయన నడుస్తడు, దర్జీ నడుస్తడు. గిది గుంత తవ్వి గుంత పూడ్చుడెట్లయితది?"

చాలా ఏళ్ళ తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చి, పెద్ద పెద్ద దేశాలు ఖర్చు పెట్టాలా పన్నులు తగ్గించాలా అని కొట్టుకుంటున్నప్పుడు, టీవీలో ఒక సూటు పెద్దమనిషి సరిగ్గా ఈ వాదనే చెప్పాడు. కాక కంటే అరగంట ఎక్కువ తీసుకున్నాడు. ఆ రోజు మాత్రం నా దగ్గర దీనికి జవాబు లేదు. జవాబు లేనివాడికి ఇంగ్లీషు ఉంటుంది.

"కాకా, దీన్ని డెఫిసిట్ అంటారు! డెఫిసిట్ పెరిగితే ఇన్‌ఫ్లేషన్ వస్తుంది! ఇన్‌ఫ్లేషన్ వస్తే..." తర్వాత ఏమొస్తుందో మా మేనేజరు చెప్పలేదు. అందుకని గొంతు పెంచాను. "పన్నులు తగ్గించమనండి! మూతపడ్డ గేట్లు తెరుచుకుంటాయి! మా అన్నలాంటివాళ్ళు మళ్ళీ డ్యూటీ ఎక్కుతారు!"

మొదట చప్పట్లు కొట్టింది మా అన్న. తర్వాత వదిన. తర్వాత వరండా అంతా. వాళ్ళు కొట్టింది ఆ గేటు కోసం. నేను నా ఆర్థిక శాస్త్రానికనుకున్నాను. కాక బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు.

ఆ ఊపులోనే బడి బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచాను. ఉన్నది సగం పేజీ. "ప్రజాధనము అనుత్పాదకమైన మట్టి పనులపై వృథా కాకుండ, పన్నుల భారము తగ్గించి పరిశ్రమలను ప్రోత్సహించవలెనని ఈ గ్రామసభ దృఢముగా అభిప్రాయపడుచున్నది" అని మొదలుపెట్టి, డెఫిసిట్‌కు తెలుగు మాట వెతికి రాసి, కిందికి వస్తూ వస్తూ చూసుకునేసరికి వదిన వేలిముద్రకు పైన ఒక్క లైను చోటు మిగిలింది. ఆ లైనులో రోడ్డు పని కావాలని రాయాలి, లేదా ‘ఏకగ్రీవముగా తీర్మానించడమైనది’ అని ముగించాలి. రెండూ పట్టవు. ఏకగ్రీవముగా అనే మాట ఎంత అందంగా ఉంది! రోడ్డు సంగతి ఆఫీసు వాళ్ళకు తెలిసిందే కదా, విడిగా చెప్పాలా అనుకున్నాను. ఏకగ్రీవముగా తీర్మానించాను.

సర్పంచ్ పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మస్తు రాసినవ్ బిడ్డా" అని ముద్ర కొట్టాడు.

రెండు వారాల తర్వాత పనులు మొదలవుతున్నాయని తెలిసి, వదిన మిగతా ఆడవాళ్ళతో కలిసి తట్ట పట్టుకుని పొద్దున్నే ఊరి చివరకు వెళ్ళింది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నిలబడ్డారు. అవతల పక్క ఊరి హద్దులో ట్రాక్టర్లు మొరం పోస్తూనే ఉన్నాయి. మా వైపు ఒక్కటీ రాలేదు. సర్పంచ్ మండల ఆఫీసుకు పరుగెత్తి, సాయంత్రం ఒక జిరాక్సు కాగితంతో మా ఇంటికి వచ్చాడు.

"రవీందరూ, గిది జెర గట్టిగ సదువు."

నేను రాసిన తీర్మానమే. సిగ్గు లేకుండా మొదటి లైను రాగం తీసి చదివాను. రెండో లైనులో గొంతు తగ్గింది. మూడో లైనులో ఆగిపోయాను.

"అనుత్పాదక అంటే ఏంది?" వదిన అడిగింది.

"అంటే... పనికిరానిదని, వదినా."

"మట్టి పని పనికిరానిదని నేనన్ననా?"

"నువ్వనలే."

"మరి నా ఏలు గాడ ఎందుకున్నది?" ఆమె గొంతు పెంచలేదు. "బువ్వ గావాలెనని ఏలు వెట్టిన. నువ్వు దాని మీద వద్దని రాసినవ్. నాతోనే వద్దనిపిచ్చినవ్ గదయ్యా."

అరిచినా, తిట్టినా బాగుండేది. ఆ రాత్రి వదిన ఎప్పటిలాగే నాకు అన్నం పెట్టింది. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

మర్నాడు సెలవు పెట్టి మండల ఆఫీసుకు వెళ్ళాను. ఆఫీసరు మేడం నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. అక్కడే భయం వేసింది.

"మీరేనా రాసింది? ఆఫీసుల అందరికి చదివి వినిపించిన. కరువుల పని వద్దన్న ఊరు మీదొక్కటే. ఇంత త్యాగం నా సర్వీసుల చూడలే."

"మేడం, అది పొరపాటు..."

"ఏకగ్రీవమని మీరే రాసిన్రు. ఊరంత ముద్రలేసిన్రు. పొరపాటెట్లయితది?"

"కొంచెం ఆవేశంలో..."

"చూడండి, మొదటి లిస్టు పోయింది. మళ్ళ సభ పెట్టి అడగండి. బియ్యం మిగిలితే రెండో లిస్టుల చూస్తం."

రెండో సభకు తారీఖు దొరకడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ వదిన ఒక గోదాములో ఖాళీ డ్రమ్ములు కడిగే పనికి పోయింది. రసాయనాలు నింపి తెచ్చిన డ్రమ్ములు. చేతికి ఇచ్చిన తొడుగులు రెండు రోజుల్లో చిరిగిపోయాయి. తర్వాత అరచేతుల తోలు ఊడింది. కారం తగిలితే మంటని, అన్నం గంటెతో కలుపుకుని తినేది. "పోకు వదినా" అంటే, "మరి ఏకగ్రీవంగ ఏం తిందాం?" అంది. పిల్లలు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

రెండో సభనాడు కార్యదర్శి ఎప్పటిలాగే ఖాళీ పేజీ తెరిచి, ఇంకు ప్యాడు ముందుకు జరిపాడు. ఒక్కరూ కదల్లేదు.

"ముందు రాయాలె" అన్నాడు మల్లేశం కాక. "రాసినంక సదవాలె. ఇన్నంక ఏస్తం." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏం బిడ్డా, మొన్న వద్దంటివి. ఇయ్యాల గావాలంటున్నవ్. మరి గా డెఫిసిట్ ఏమాయె?"

"ఉన్నది కాకా."

"గా ఇన్‌ఫ్లేషన్?"

"గదీ ఉన్నది."

"అయినా రోడ్డు గావాల్నా? ఎందుకు?"

చెప్పడానికి నా దగ్గర ఒక్క పెద్ద మాట కూడా మిగల్లేదు. "మా వదినకు పని గావాలె కాకా" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాక మాత్రం తల ఊపి కూర్చున్నాడు.

తీర్మానం వదినే చెప్పింది. "మా ఊరికి రోడ్డు పని గావాలె. గంతే రాయి."

"పేజీ అంత ఖాళీ ఉన్నది వదినా."

"ఉండనియ్యి."

పైకి చదివాను. వదిన వచ్చి వేలు పెట్టింది. కాగితం మీద ఒక నల్లటి మచ్చ పడింది, అంతే. అందులో ఒక్క గీత లేదు. కార్యదర్శి ఇంకోసారి ఒత్తమన్నాడు. ఇంకో మచ్చ పడింది.

"గీతలు పోయినయ్ సార్. డ్రమ్ములు కడిగిన" అంది, బట్టలు ఆరేశానన్నంత మామూలుగా. ఆ మచ్చ పక్కన ‘యాదమ్మ వేలిముద్ర’ అని రాసి సాక్షి సంతకం చేశాను. నా చేతిరాత ఆ రోజు ముత్యాల్లా లేదు.

బియ్యం సగానికే మిగిలింది. సగం రోడ్డే మంజూరైంది. మొదటి ఆదివారం నేనూ వెళ్ళాను. వదిన తట్ట ఎత్తబోతే వేళ్ళు పట్టు దొరక్క జారిపోతున్నాయి. తట్ట నేను లాక్కుని నెత్తిన పెట్టుకున్నాను. పేర్లు రాసే మేస్త్రీ ఆపాడు.

"నౌకరీ ఉన్నోళ్ళ పేరు రాయరాదు. నీకు బియ్యం రావు."

"ఆయన పేరు రాయకుర్రి సార్, నా పేరు మీద మోస్తడు" అంది వదిన.

"ఉత్తగ ఎందుకు మోస్తడమ్మా?"

"పన్ను" అంది వదిన. "నేనేసిన."

అక్కడున్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. అన్ని వారాల తర్వాత వదిన నవ్వడం అప్పుడే చూశాను. పని ముగిసేదాకా ప్రతి ఆదివారం ఆ పన్ను కట్టాను. మెడ పట్టేసినా, వీపు కాలినా, రాయితీ అడగలేదు.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సభలోనైనా నన్ను రెండు మాటలు మాట్లాడమంటే, అక్కడున్నవాళ్ళకు ఏం కావాలో ముందు అడుగుతాను. వాళ్ళు చెప్పింది వింటాను. విని, కూర్చుంటాను.