తడి ఆరని తొట్లు

ఎండలు ముదిరే ఈ పంగుని నెల మొదట్లో ఒక పొద్దున కోవిల్పట్టిలో మా వీధిలోకి చెట్లమ్మే బండి వచ్చింది. చిన్న లారీ వెనక రోజా, మల్లి, మందారం నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. మైకులోంచి ఎవరిదో గొంతు పువ్వుల పేర్లు పాటలాగా చదువుకుంటూ పోతోంది. నేను గేటు పట్టుకుని నిలబడితే బండివాడు ఆపి, "ఏ రంగు కావాలక్కా?" అని తమిళంలో అడిగాడు. మా ఇంట్లో చెట్టు కొనే అధికారం ఎన్నడూ నాది కాదు, మా అత్తది. ఆమె ఉంటే ఈపాటికి బండెక్కి సగం చెట్లు వేళ్ళదాకా పరీక్ష చేసి, వాడి ఊరేదో, వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో కూడా తెలుసుకుని ఉండేది. నేను ఊరికే తల అడ్డంగా ఊపాను. బండి కదిలిపోయింది.

మా అత్త పుట్టింది కారియాపట్టి పక్కన ఒక నల్లరేగడి పల్లెలో. అక్కడ సేద్యమంతా వాన దయ. ఇంటి ముందు మల్లె తీగ నాటుతానంటే, "నీళ్ళు యాడ తెస్తావు?" అని ఇంటిల్లిపాదీ అడిగేవారట. అందుకేనేమో, కోవిల్పట్టికి కాపురానికి వచ్చాక ఆమె ఉన్న పెరడంతా పూలతో నింపేసింది. సిమెంటు తొట్లు, నూనె డబ్బాలు, చెవి తెగిన బకెట్లు, ఆఖరికి మా ఆయన చిన్నప్పుడు స్నానం చేసిన ఇత్తడి గంగాళం కూడా ఆ సైన్యంలో చేరిపోయాయి. కానీ ఈ ఊరిలోనూ నీళ్ళకు కరువే. కుళాయి నీళ్ళు వచ్చినప్పుడు వచ్చినట్టు, బోరు నీళ్ళు ఉప్పన. అందుకని ఆమె దగ్గర ప్రతి చెంబుకూ ఒక దారి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు రోజాకు, కూరగాయలు కడిగినవి మల్లెకు, చేతులు కడిగినవి కనకాంబరానికి. నేను విరుదునగర్ నుంచి కొత్త కోడలిగా వచ్చిన వారంలో ముఖం కడిగిన నీళ్ళు మోరీలో పారబోస్తే, "పిల్లా, కనకాంబరం నోటికాడిది తీసి పారేస్తివే" అంది. కోపంగా కూడా కాదు, నిజంగా బాధపడుతూ.

మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆంధ్రా నుంచి ఎవరైనా వచ్చి వింటే, తాతల కాలం తెలుగుకు తమిళం తాళింపు వేసినట్టుందని నవ్వుతారు. గడప దాటితే మాత్రం తమిళమే. అత్త తమిళం బహు గట్టిది. బజారులో మూర పూలు తక్కువ కొలిచిన మనిషిని ఆమె నిలదీస్తుంటే పక్క అంగళ్ళవాళ్ళు పని మాని వినేవారు.

కొన్నేళ్ళ కిందటి మాట. మాసి నెల పోయి పంగుని వచ్చింది. మల్లెలు మొగ్గ తొడగాల్సిన కాలం. అప్పటికి మా అమ్మాయి హాస్టల్లో చదువుతోంది, మా ఆయన తూత్తుకుడి రేవులో పని చేస్తూ శనివారానికి ఇంటికి వచ్చేవారు. నేను విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లు ఆఫీసుకు రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. పగలంతా ఇంట్లో అత్త, మేడమీద అద్దెకున్న తమిళ దంపతులు, అంతే. ఉన్నట్టుండి రోజా ఆకులు పసుపు తిరిగాయి. వచ్చిన మొగ్గలు విచ్చకుండానే తల వాల్చాయి. మల్లె కొమ్మలు నల్లబడ్డాయి. ఎండ దెబ్బని గోనెపట్టా కట్టాము. పురుగని వేపనూనె చల్లాము. బలం చాలదని నేను విరుదునగర్ నూనె మిల్లుల దగ్గర నూనె తీసిన వేరుశనగ చెక్క కొని, బస్సులో పక్కవాళ్ళంతా ముక్కు మూసుకుంటుంటే ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చాను. దిష్టి అని అత్త పాత చెప్పు ఒకటి రోజా తొట్టికి కట్టింది. అది నా చెప్పే, ఇంకా పాతబడలేదు కూడా. ఏం చేసినా చెట్లు ఒకటి వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. దానికి తోడు సంపులో నీళ్ళు ఎప్పుడు చూసినా అడుగంటేవి. మా ఆయన పైపు ఎక్కడో కారుతోందని పనివాణ్ణి పిలిచి గోడ పక్కన తవ్వించారు. పైపు చెక్కుచెదరకుండా ఉంది.

ఇంతలో అత్తకు ఒక అనుమానం పట్టుకుంది. "మీది పిల్ల నేను నిదర పోతానే వచ్చి చెట్లకి వేన్నీల్లు పోస్తాది. నా కండ్లకి తెలస్తాది" అని రోజూ నా చెవిలో ఊదేది. మేడమీది పిల్ల నెమ్మదైనది, చంకలో పసిబిడ్డ. ఆమె మా చెట్లను చంపేదేమిటని నేను కొట్టిపారేశాను. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ పిల్ల మెట్ల మీద నా కోసం కాచుకుని ఉంది. "అక్కా, తప్పుగా అనుకోవద్దు" అని తమిళంలో మొదలుపెట్టి, ఆగి, బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని చెప్పింది. "పాట్టి, అదే మీ అత్త, పొద్దంతా నీళ్ళు పోస్తూనే ఉంటుంది. నేను పైనుంచి చూస్తుంటాను. పోసి లోపలికి పోతుంది, మళ్ళీ వచ్చి పోస్తుంది. చెబితే నన్ను కొట్టడానికి వస్తుంది."

మా అత్త నీళ్ళు వృథా చేయడమా! నవ్వు రాబోయింది. కానీ ఆ పిల్ల ముఖం చూశాక నవ్వలేకపోయాను. మరునాడు సెలవు పెట్టి, తలనొప్పని చెప్పి వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాను. అత్త చెంబుతో వరసగా ప్రతి తొట్టికీ నీళ్ళు పోసింది. చెంబు గోడమీద బోర్లించి, చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది. కాసేపు మంచం మీద కూర్చుంది. లేచి పెరట్లోకి తొంగిచూసి, "అయ్యయ్యో, బిడ్డలు వాడిపోతుండాయే" అంటూ మళ్ళీ చెంబు తీసుకుంది. అన్నం వేళకు అన్ని తొట్లూ అంచుదాకా నిండి బురదగా మెరుస్తున్నాయి. నేను ఉండబట్టలేక బయటికి వెళ్ళాను.

"అత్తా, ఇప్పుడే కదా మీరు నీళ్ళు పోస్తిరి?"

"ఎప్పుడు పోస్తిని? పొద్దున నించి ఎవురూ ఒక చుక్క పోయలే. నీవూ చూడవు, వాడూ చూడడు."

ఆమె కాళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను వాటివైపు చూస్తే ఆమె కూడా చూసుకుంది. తర్వాత చిన్నగా, "ఇది ఎట్ల తడిసె?" అంది. ఆ మధ్యాహ్నం చచ్చిపోయిన రోజాను నేను వేళ్ళతో సహా పెకలించాను. వేళ్ళు కుళ్ళి, మురుగు వాసన కొట్టి, చేతిలోనే విడిపోయాయి. నీళ్ళు లేక ఊరంతా ఎండుతుంటే మా చెట్లు మునిగి చచ్చాయి.

మదురై డాక్టరు చెప్పింది మేము ముందే ఊహించిందే. మతి తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది, మందులు వేగాన్ని కాస్త తగ్గిస్తాయి, అంతకన్నా ఏమీ లేదు. ఇంటికి రాగానే మా ఆయన పెరటి కుళాయికి బిరడా బిగించేసి, తాళంచెవి లాంటి దాని పిడి తీసి బీరువాలో పెట్టారు. తల్లి మీద కోపం కాదది. ఆయనకు అందుబాటులో ఉన్న పని అదొక్కటే. సోమవారం తూత్తుకుడి బస్సెక్కుతూ, "చెట్లు ఎట్లా పోతే పోనీ, అమ్మ పదిలం" అన్నారు.

ఆ వారంలోనే మిల్లులో ఉండగా నాకు ఫోను వచ్చింది. బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె, మాకు ఎన్నో ఏళ్ళుగా తెలిసిన మనిషి. "మీ అత్త ఖాళీ బకెట్ పట్టుకుని ఇక్కడ నిలబడి ఉంది. నేను ఏం అడిగినా ఏదో భాషలో చెబుతోంది. నాకు అర్థం కావడం లేదమ్మా" అంది. విరుదునగర్ నుంచి కోవిల్పట్టికి ఆ రోజు బస్సు నడిచినంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు. వెళ్ళేసరికి అత్త పూలబుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు, అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పూలామె ఒక తడిగుడ్డ ఆమె పాదాల మీద కప్పి పెట్టింది. నన్ను చూడగానే అత్త తెలుగులో, "వీల్లకి ఎంత చెప్పినా తెలీలే పిల్లా. నీల్ల బండి యాడ అంటే నన్నే చూస్తుండారు" అంది. బజారునంతా నిలబెట్టి మాట్లాడిన తమిళం ఆమెను వదిలి వెళ్ళిపోయింది. ఇంట్లో మాట ఒక్కటే మిగిలింది. పూలామె నాకేసి చూసి కళ్ళు ఒత్తుకుంది.

ఆ శనివారం బిరడా గురించి మా ఆయనకూ నాకూ పెద్ద మాటలే నడిచాయి. "నీళ్ళు పోయకుండా ఆపితే బయటికి పోతారు. పోయనివ్వండి" అన్నాను. "దేనికి పోస్తుంది? బురదకా?" అన్నారు. దానికి జవాబు విరుదునగర్‌లో మా వదిన ఇంట్లో దొరికింది. మా అన్న ఇంటి వాకిట్లో ఒక సిమెంటు తొట్టిలో అల్లిపూలు, అంటే కలువలు, పెంచుతుంది ఆమె. నేను కాఫీ తాగుతూ అత్త సంగతి చెబుతుంటే, మా వదిన లేచి వెళ్ళి చేయి ముంచి ఒక దుంప తీసి, బురదతో సహా సంచిలో కట్టి నా చేతిలో పెట్టింది. "దీనికి ఎంత పోసినా ఎక్కువ కాదు, తీసుకుపో" అంది.

పెద్ద తొట్టి ఒకటి కొని, అడుగున రంధ్రం సిమెంటుతో మూసి, మా ఆయన పెరటి నడుమ పెట్టారు. పొంగిన నీళ్ళు గోడవార నేలలో నాటిన కనకాంబరాలకు పోయేట్టు చిన్న కాలువ తీసి, కుళాయి బిరడా తిరిగి విప్పారు. అత్త పోస్తూనే ఉండేది, తొట్టి పొంగుతూనే ఉండేది. మొదట్లో దోమలు పట్టి మేడమీది పిల్ల బిడ్డకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. చిన్న చేపలు తెచ్చి వదిలాక ఆ గొడవ తీరింది. మొదటి పువ్వు విచ్చిన పొద్దున అత్తను పిలుచుకొచ్చి చూపించాను. అటూ ఇటూ తిరిగి చూసి, "జడలో పెట్టేదానికి లే, మాల కట్టేదానికి లే. ఇదేమి పువ్వు?" అంది. అయినా దాని పక్కనే కూర్చుంది. ఆ పంగునిలో గానీ, తరువాతి చిత్తిరై నెలలో గానీ ఆమె మళ్ళీ గడప దాటి పోలేదు. మిగిలిన తొట్లలో చాలా వరకు ఖాళీ అయిపోయాయి. మల్లె ఒక్కటి ఎలాగో వేరు దక్కించుకుంది.

అలా ఒక్క ఏడాది గడిచింది. ఆ తరువాత చెంబు పట్టుకునే పని కూడా ఆమెకు మరుపున పడింది. పోయిన ఏడు వానల్లో, జ్వరం వంకతో, మంచం మీదే వెళ్ళిపోయింది. ఆమెతో గడిపిన చివరి పంగునిలో ఒక సాయంత్రం పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి తల దువ్వుతుంటే, వెనక్కి తిరిగి నన్ను చాలా మర్యాదగా అడిగింది.

"నీవు ఎవురింటి పిల్లవమ్మా?"

"విరుదునగర్ అత్తా."

"అంత దూరమా! పొద్దు కుంకక మునుపే పో తల్లీ. మీ అమ్మ వెతుకుతా ఉంటాది."

నేను సరేనని తలూపి జడ ముడి వేశాను. మేమందరం కాలంతోపాటు ముందుకు నడుస్తుంటే, ఆమె ఒక్కతీ వెనక్కి నడుస్తూ పోయి ఏదో ఒక పంగుని దగ్గర ఆగిపోయింది. ఆ పంగునికి నేనింకా పుట్టలేదు.