తాతయ్య ఒప్పుకోని చిలక

అవును నాన్నా, మెల్‌బోర్న్ నుంచి మీరుండే హారిసన్‌కి విమానంలో ఎంతోసేపు పట్టదు, నాకూ తెలుసు. మీ నానమ్మ రాలేనిది దూరం వల్ల కాదు. తాతయ్యను వదిలి వీధి చివర బస్‌స్టాపు దాకా కూడా వెళ్ళలేను. పక్షవాతం వచ్చి ఆయనకు కుడివైపూ పోయింది, మాటా పోయింది. మీ అత్త ఆఫీసుకు వెళ్ళాక ఈ క్రాన్‌బర్న్ ఇంట్లో ఆయన మంచానికి, నేను ఆయనకి అతుక్కుపోయి ఉంటాం.

మీరు చూడని తాతయ్య ఒకరున్నారు. గుంటూరులో బైబిల్ కాలేజీలో క్రైస్తవ సంఘ చరిత్ర చెప్పేవారు. ఎవరి భూస్థాపనకు వెళ్ళినా, శరీరం పంజరమనీ ఆత్మ చిలకలా ఎగిరిపోయిందనీ బోధకుడు అన్నాడంటే చాలు, ఇల్లు చేరేదాకా స్కూటరు మీద నాకు పాఠమే. ఆత్మ ఒంట్లో ఖైదీ అన్నది బైబిలు మాట కాదట, గ్రీకు తత్వవేత్తల ఆలోచనట. తొలినాటి సంఘ పెద్దలు చదువుకున్న గ్రీకులకు క్రీస్తు గురించి చెప్పాలని వాళ్ళ మాటలే వాడారట. ఆ మాటల వెంట ఆలోచనలూ లోపలికి వచ్చేశాయట.

"దేవుడు మట్టిని మలిచి ఊపిరి ఊదాడు. ఆ మట్టీ మనిషే, ఆ ఊపిరీ మనిషే. చనిపోయాక లేపితే రెండూ కలిపే లేపుతాడు" అనేవారు.

"గ్రీసు దాకా ఎందుకండీ, మన తత్వాలు పాడేవాళ్ళకీ ఉందిగా ఆ చిలక" అన్నానొకసారి.

"అయితే నీది నాటు చిలక, వాళ్ళది సీమ చిలక" అని నవ్వారు.

మొన్న ఆదివారం మా సంఘంలోని ఒకమ్మాయి చూడటానికి వచ్చింది. ఐటీలో పని. ఆయన మింగగలిగేలా మెత్తగా సగ్గుబియ్యం కాచి తెచ్చింది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, అంకుల్‌కి లోపల అన్నీ తెలుస్తాయి. బాడీలో ట్రాప్ అయిపోయారు, అంతే" అంది.

ఎంత హాయిగా అనిపించిందో. చెడింది ఒళ్ళే, మనిషి లోపల మునుపటిలాగే ఉన్నారు అనుకున్నాను. వెంటనే ఇంకోటి తట్టింది. అలాగైతే ఆయన పగలూ రాత్రీ ఆ చీకట్లో ఒక్కరే గోడలు తడుముకుంటున్నట్టే కదా. పోనీ ఆయన చెప్పిందే నిజమైతే, లోపల ఇంకెవరూ లేరు. నేను చెంచాతో జావ పట్టేదీ, మూతి తుడిచేదీ పూర్తిగా ఆయనకే. ఈ రెంటిలో ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు.

పాఠం చెప్పింది ఆయనే, ఇంకెవర్ని అడగను? తలుపు వేసి వచ్చి, దుప్పటి సరిచేసి, చెవి దగ్గరకు వంగి మెల్లగా అడిగాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఏవండీ, మీరు లోపల ఉన్నారా, లేకపోతే మీరంటే ఇదేనా?"