మంచె ఎక్కించినవాడే దింపాలి

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే అలవాటు నాది. ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో సర్వే పనితోనే గడిచింది. కొలవనిదాన్ని కాగితం మీద పెట్టకూడదని నా మొదటి పై అధికారి నేర్పాడు. కాలేజీ రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. అందులో వానలు, ఎండలు, ఇంటికి వచ్చిపోయినవాళ్ల పేర్లు తప్ప వింతలేవీ ఉండవు. ఇప్పుడు చెప్పబోయే ఒక్కటి తప్ప. దీన్ని నమ్మి చెప్పడం లేదు, చూశాను కనుక చెబుతున్నాను.

తొంభైల మధ్యలో మేం అశోక్‌నగర్‌లో ఉండేవాళ్లం. పై వాటాలో నేను, కింది వాటాలో మా అన్నయ్య, వదిన. అన్నయ్య రోడ్ల శాఖలో ఇంజనీరు. వయసులో ఉండగా చాలా ఏళ్లు నల్లమలలో రోడ్డు పనులు చూశాడు. ఆ రోజుల్లో పర్మిట్ తీసుకుని వేటాడడం నేరం కాదు. అన్నయ్య పేరున్న వేటగాడు. నేను తుపాకి ముట్టుకున్నవాణ్ని కూడా కాదు.

రోజూ ఉదయం అన్నయ్యతో కలిసి నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్‌కి వెళ్లేవాణ్ని. మూలబల్ల దగ్గర ఆయన పాత వేట స్నేహితులు ఇద్దరు ఉండేవారు. ఖాదర్ సాబ్ ఒకప్పుడు తుపాకులు బాగుచేసే దుకాణం నడిపారు. నరసింహారెడ్డి గారిది అమ్రాబాద్ వైపు ఊరు, చిక్కడపల్లిలో స్థిరపడ్డారు, చెవులు కాస్త మందం. వేట నిషేధం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, రేపే అడవికి బయలుదేరుతున్నట్టు ముగ్గురూ ఒకరికొకరు జాగ్రత్తలు చెప్పుకునేవారు.

చెట్టు మీద మంచె ఎక్కే రోజు తలకు నూనె రాయకూడదు. గంజి పెట్టిన బట్టలు వేసుకోకూడదు, కదిలితే చప్పుడు చేస్తాయి. పడ్డ పులి దగ్గరికి వెళ్లేముందు నాలుగు రాళ్లు విసిరి చూడాలి. గాయపడ్డ ఎలుగుబంటి వెంట పల్లం వైపు నుంచి ఎక్కకూడదు. తుపాకిలోని తూటా తీశాకే కిందికి అందించాలి. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు కాదనేవారు. ఖాదర్ సాబ్ దగ్గితే చాలు, నువ్వు మంచె మీద ఇట్ల దగ్గుకుంట కూసుంటే పులి నవ్వుకుంట పోతది అని రెడ్డి గారు ఏడిపించేవారు.

ముగ్గురూ మారుమాట లేకుండా ఒప్పుకునే నియమం ఒకటే ఉంది. మంచె ఎక్కించినవాడే వచ్చి దింపాలి. కింద పొదలో ఏ జంతువు గాయంతో పడి ఉందో పైనున్నవాడికి కనబడదు. దారి చూసుకుంటూ వచ్చేవాడికే తెలుస్తుంది. అందుకని ఎక్కించేటప్పుడు ఒక గుర్తు చెవిలో చెబుతాడు. చెట్టు మొదట్లో గొడ్డలి వెనక వైపుతో కొట్టే దెబ్బల వరస అది. వేటవేటకీ మారుతుంది, మూడోవాడికి తెలియకూడదు. పైనున్నవాడు అదే వరసలో జవాబు కొట్టాలి. ముందు తుపాకి దిగాలి, తర్వాత మనిషి. వేరే వరస వినబడితే కదలకూడదు, నిచ్చెనకు దూరంగా జరగాలి. తెలిసిన గొంతుతో ఎవరు పిలిచినా సరే దిగకూడదు.

అన్నయ్యను ఎక్కించేది బయ్యన్న అనే చెంచు. ఆయన సంగతి రెడ్డి గారు ఒకసారి నాకు విడిగా చెప్పారు. చివరి వేటలో బయ్యన్న సాయంత్రం అన్నయ్యను మంచె ఎక్కించి వెళ్లాడు. తెల్లవారి దింపడానికి వస్తుంటే దారిలో ఎలుగుబంటి చంపేసింది. అన్నయ్యకు తెలియదు. ఆ పగలంతా చుక్క నీళ్లు లేకుండా అక్కడే కూర్చున్నాడు. పొద్దువాలే వేళకు రెడ్డి గారూ ఇంకొందరూ వెళ్లి, ఆయన వద్దంటున్నా తాళ్లతో కట్టి దింపారు. తర్వాత అన్నయ్య తుపాకి అమ్మేశాడు. హోటల్లో బయ్యన్న పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

డెబ్భై దాటాక అన్నయ్యకు మతి తప్పసాగింది. ముందు పేర్లు పోయాయి, తర్వాత ఇంటి దారి. ఆ తర్వాత ఎక్కడం మొదలైంది. భోజనాల బల్ల, ప్రహరీగోడ, ఒకసారి నీళ్ల ట్యాంకు. ఎక్కి కదలకుండా కూర్చునేవాడు. బతిమాలి, పట్టుకుని దింపితే పసిపిల్లాడిలా ఏడ్చేవాడు. డాబా మెట్లకు తాళం వేశాం. వదిన రాత్రి తన చీర చెంగు ఆయన చేతికి ముడివేసుకుని పడుకునేది.

మే నెల. మా ఎదురుగా ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. నాలుగు స్లాబులు పడ్డాయి, పైన లిఫ్టు యంత్రాల గది కూడా లేచింది. ఆ ఉదయం వదిన పాలు కాచి వచ్చేసరికి అన్నయ్య మంచం మీద లేడు, ఆయన చేతికర్రా లేదు. ఇసుక లారీ కోసం ఎదుటి గేటు తెరిచి ఉంది.

మేస్త్రి బాలయ్య నన్ను పైకి తీసుకెళ్లి చూపించాడు. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, అప్పటికే ముఖం పాలిపోయి ఉంది. లిఫ్టు గది పైకప్పుకు నడిమధ్య ఒక చదరపు కంత వదిలారు. గదిలో నుంచి ఆ కంతలోకి కొయ్య నిచ్చెన వేసి ఉండేదట. అన్నయ్య దాని మీదుగా పైకెక్కి, నిచ్చెనను లాగేసుకున్నాడు. ఆ స్లాబుకు పిట్టగోడ లేదు. ఒక పక్క మేం నిలబడిన డాబా, మిగతా పక్కల నాలుగంతస్తుల లోతు.

కర్రను ఒళ్లో తుపాకిలా అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. బాలయ్య మనిషి ఒకడు ఇంకో నిచ్చెన వేసి తల పైకెత్తగానే, అన్నయ్య నోటి మీద వేలు పెట్టుకుని వెనక్కి జరిగాడు. ఇంకో జానెడు జరిగితే వీధిలో పడతాడు. ఆ మనిషి వెంటనే దిగి నిచ్చెన తీసేశాడు. కింద గదిలోకి ఎవరు వెళ్లినా అదే తంతు.

ఎండ ముదిరింది. ఆయన కాళ్లకు చెప్పులు లేవు. తలకు గుడ్డ లేదు. కడవతో నీళ్లు చూపించాం, తిరిగి చూడలేదు. ఫైరింజన్ వచ్చింది కాని వీధిలో ఇనుము, ఇసుక కుప్పలు, పైన కరెంటు తీగలు. వాళ్ల అధికారి చాలాసేపు చూసి, మీద పడి పట్టుకుంటే ఆయనతోపాటు మావాడూ పడతాడండీ, స్పృహ తప్పేదాకా ఆగాల్సిందే అన్నాడు. స్పృహ తప్పితే మూడు పక్కల్లో ఎటు ఒరిగినా నాలుగంతస్తుల లోతే.

హోటల్ గల్లాకు ఫోన్ చేశాను. ఖాదర్ సాబ్, రెడ్డి గారు ఆటోలో వచ్చారు. ఆ వయసులో నాలుగంతస్తులు ఎక్కారు. ఖాదర్ సాబ్ వేట ముగిసిందని చెప్పే ఈల వేశారు. అన్నయ్య కదలలేదు.

రెడ్డి గారు గొంతెత్తి, "సారూ, అయిపోయింది. అందరం పోతున్నం. దిగుండ్రి" అన్నారు.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. అప్పుడే మొదటిసారి మాట్లాడాడు, చాలా మెల్లగా. "బయ్యన్న రానీ."

రెడ్డి గారు డాబా మీదే కూలబడ్డారు. ఖాదర్ సాబ్ ఆయన భుజం పట్టుకున్నారు. "నకిలీ గుర్తు కొట్టి చూద్దాం రెడ్డీ. ఏం చేస్తం మరి? మనోడు పైన్నే మాడిపోతుండు."

బాలయ్య ఒక సెంట్రింగ్ చెక్క, సుత్తి తెచ్చాడు. గుర్తు ఏమిటో మాకెవరికీ తెలియదు. ఒక వరస కొట్టాం, అన్నయ్య వెనక్కి జరిగాడు. ఇంకోటి కొట్టాం, ఇంకా జరిగాడు. ఇప్పుడు ఆయన సగం ఒళ్లు గాలిలోనే ఉంది. నేను బాలయ్య చేతిలోంచి సుత్తి లాక్కుని పారేశాను. అంతకన్నా నాకు చేతనైనది లేదు. సర్వేలో నేర్చుకున్నదేదీ ఆ స్లాబు అంచును ఒక్క అంగుళం పెంచలేదు.

పని ఆపించి, కూలీలందర్నీ, ఫైరింజన్ వాళ్లనూ వీధిలోకి పంపించేశాం. గేటు మూయించాం. పైన మేం నలుగురమే, నేనూ ఆ ఇద్దరూ మేస్త్రీ. ఎండకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అన్నయ్య తల ముందుకు వాలి, మళ్లీ లేస్తోంది.

అప్పుడు వినబడింది. లిఫ్టు గొయ్యి అడుగు నుంచి. ఆ గొయ్యి నేల నుంచి లిఫ్టు గది అడుగు దాకా ఖాళీగా లేచి ఉంది. ఒక దెబ్బ. కాస్త ఆగి, రెండు. చాలాసేపు ఆగి, ఇంకొకటి. ఎండుచెక్క మోత కాదది. లోపల తడి ఉన్న మాను మీద పడ్డ దెబ్బలా బరువుగా ఉంది.

నేను బాలయ్యను చూశాను. బాలయ్య నన్ను చూశాడు. ఖాదర్ సాబ్ పెదవులు కదులుతున్నాయి. రెడ్డి గారికి చెవులు మందం కదా, ఆయన అరిచేయి డాబా మీద ఆనించి ఉంది. కింది అదురు తగిలినట్టు ఆ చెయ్యి చప్పున తీసేశారు.

పైన అన్నయ్య కర్ర పిడితో స్లాబు మీద అదే వరస కొట్టాడు. ఒకటి, రెండు, ఒకటి. ముఖంలో భయం లేదు. పాకుతూ అంచు వదిలి కంత దగ్గరికి వచ్చాడు. నిచ్చెన లోపలికి దించాడు.

నేను గది గుమ్మంలో నిలబడ్డాను. వెలుతురులోంచి వచ్చినందుకు లోపల మసకగా ఉంది. కంతలోంచి ముందు కర్ర దిగింది, పిడి కిందికి. దాని వెంట అన్నయ్య చెయ్యి భుజం దాకా దిగింది. తర్వాత చెయ్యి ఖాళీగా పైకి వెళ్లింది. కర్ర పడ్డ చప్పుడు కాలేదు. ఆ క్షణం నా చూపు కర్ర మీద లేదు, ఆయన పాదాల కోసం చూస్తున్నాను. ఈ సంగతి దాచను. పాదాలు మెట్టుమెట్టూ వెతుక్కుంటూ దిగాయి. చివరి మెట్టు దిగి నా చేతుల్లో వాలిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది.

గదిలో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. కర్ర మూల గోడకు ఆనించి ఉంది. పిడి కిందికి, మొన పైకి. తుపాకిని మడమ నేలకు పెట్టి నిలబెట్టినట్టు.

వీధిలోకి దించుతుంటే వదిన ఎదురొచ్చింది. అంతసేపూ కింద ఎండలోనే నిలబడి ఉందట. సాయంత్రం నర్సింగ్ హోంలో సెలైన్ ఎక్కుతుండగా నాతో అంది, తను ఒక్క మాటే అనుకుంటూ ఉందట. "నాయనా బయ్యన్నా, నిన్ను నేనెప్పుడూ చూడలేదు. నువ్వే వచ్చి ఈయన్ని దింపు." ఆ మాట మాకెవరికీ వినబడలేదు.

మర్నాడు బాలయ్యను వెంటపెట్టుకుని వెళ్లాను. గొయ్యి అడుగున మోకాలి లోతు మురికినీళ్లు, సిమెంటు సంచులు ఉన్నాయి. బయట ఉన్న చెక్కల్ని, పరంజా వాసాల్ని వరసగా సుత్తితో కొట్టి చూశాను. ఏదీ ఆ చప్పుడు చేయలేదు. కూలీలంతా వీధిలోనే ఉన్నారని ఒకరికొకరు సాక్ష్యం చెప్పారు. గొయ్యి గోడలు ఆ చప్పుడును ఎక్కడి నుంచో తెచ్చి ఉండవచ్చని రాసుకున్నాను. ఆ వరస అన్నయ్యకు తెలిసినదే ఎలా అయిందో రాయలేకపోయాను. గుర్తు అదేనా అని తర్వాత ఒకసారి ఆయన్ని అడిగితే, నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అన్నయ్య దేన్నీ ఎక్కలేదు. డాబా తాళం తీసేశాం. మరో ఏడాదికి పైగా బతికి, మంచం మీద నిద్రలోనే పోయాడు.

ఇంకొక్కటి ఉంది. నర్సింగ్ హోం నుంచి ఇంటికి తెచ్చిన సాయంత్రం అన్నయ్య కళ్లు తెరిచి, "బయ్యన్నకు టీ ఇచ్చారా?" అని అడిగాడు. వదిన లేచి, చక్కెర ఎక్కువ వేసి ఒక గ్లాసు టీ కాచి, గేటు బయట అరుగు మీద పెట్టి వచ్చింది. మామూలుగా అయితే నేను ఊరుకునేవాణ్ని కాదు. ఆ రోజు ఊరుకున్నాను.

తెల్లవారి చూస్తే గ్లాసు నిండా చీమలు. ఎవరూ తాగలేదు. అది కూడా డైరీలో రాశాను. తాగలేదు కనుక ఎవరూ రాలేదని అనుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కాని అలాగైతే, ఆ గదిలో అన్నయ్య చేతి కర్ర అందుకుని గోడకు నిలబెట్టింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.