పిల్లులు గుర్తుపట్టని మనిషి

మా ఆయన హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన రోజే మా పిల్లులు రెండూ కొట్టుకున్నాయి. అంతకుముందు ఎన్నడూ కొట్టుకున్నవి కావు. ఒకటి నల్లది, ఒకటి పసుపుది. ఒకే ఈతలో, మా క్వార్టర్ వెనక రేకుల కింద పుట్టిన మగపిల్లులు. ఒకే గిన్నెలో తిని, ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని పడుకునేవి.

ఆయన ఆటో దిగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా లోపలికొచ్చాడు. నల్లది ఎప్పటిలాగే గడప దాకా ఎదురెళ్ళింది. బొగ్గు బాయి నుంచి డ్యూటీ దిగి రాగానే ఆయన కాళ్ళకు రుద్దుకోవడం దాని అలవాటు. ఆ రోజు మాత్రం మధ్యలోనే ఆగి, ముక్కు పైకెత్తి, ఒళ్ళంతా నిక్కబొడుచుకుని బుస్సుమంది. ఆయన జోలికి పోలేదు. పక్కనున్న పసుపుదాని మీద దూకింది. రెండూ ముద్దలా చుట్టుకుని మంచం కిందికి దొర్లాయి. ఆ అరుపులు విని పసిపిల్ల ఏడుస్తోందేమోనని పక్కవాళ్ళు తలుపు తీసి చూశారు.

"దీనికేమైంది?" అని నవ్వబోయి, కుట్లు గుంజడంతో ఆయన ఆగిపోయాడు.

మర్నాటి నుంచి ఉచ్చ మొదలైంది. తోక నిటారుగా లేపి, దాని కొసను వణికిస్తూ చిమ్మడం. ఎక్కడ పడితే అక్కడ పోస్తే జంతువులే కదా అనుకునేదాన్ని. చిమ్మింది మాత్రం ఆయన మంచం కోడు, ఆయన మందుల సంచి, ఆయన చెప్పుల మీదే. నావి ఒక్కటీ ముట్టలేదు. నేను ఊరుకునే మనిషిని కాను. చీపురు తిరగేసి తరిమాను, తిట్టాను, ఫినాయిల్ పోసి కడిగాను. కడిగిన చోటే, తడి ఆరకముందే మళ్ళీ పోశాయి.

నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రపోయే మనిషి కాబట్టి ముందు గది కిటికీకి ఎప్పుడూ నల్లగుడ్డ ఉంటుంది. ఇప్పుడు ఆయన రోజంతా ఆ చీకట్లోనే పడుకుంటున్నాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి అలమారలో గిన్నెలు గలగలమంటే మా కాలనీలో ఎవరూ తలెత్తరు. పిల్లులూ ఎత్తేవి కావు. చెరో మూల కూర్చుని, ఆయన భుజం వెనకున్న గోడకేసి రెప్పవేయకుండా చూసేవి. నేనూ చూసేదాన్ని. అక్కడ ఏమీ లేదు. 

పక్క క్వార్టర్లో పెద్దావిడ ఉంది, ఖాలా అని పిలుస్తాం. పాలు ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి పిల్లులను చూసింది. లోపలికి రాలేదు.

"వాటికి కనబడ్తది బేటా," అంది మెల్లగా. "మీ ఆయన దవాఖాన నుంచి ఒక్కడే రాలే."

ఆ మాట నా చెవిలోంచి పోలేదు. ఆయనకు అన్నం పెడుతున్నా ఆ వెనక గోడే చూసేదాన్ని. మనిషి చిక్కిపోయాడు, గొంతు మారింది, ఒంటి నుంచి ఏదో మందు వాసన. నా భయం ఒక్కటే. ఆయన తిరిగొచ్చింది ఉండడానికేనా, లేక వెంట వచ్చిందేదో మళ్ళీ తీసుకుపోతుందా?

చివరికి పసుపుదాని చెవి చిరిగి రక్తం కారితే పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు అంతా విని, "ఇల్లు దేనితో కడుగుతున్నారు?" అని అడిగాడు. మా ఆయన వచ్చే ముందు ఇన్ఫెక్షన్ రాకూడదని గోడలతో సహా ఫినాయిల్‌తో కడిగానని, బట్టలన్నీ డెట్టాల్‌లో నానబెట్టి ఉతికానని చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను. బొగ్గు మరక కనబడితే ప్రాణం ఊరుకోని ఆడవాళ్ళం మేము.

"అదేనమ్మా తప్పు. వాటికి ఇల్లంటే వాసనే. ఆ పాత వాసన మీరు కడిగేశారు, ఆయన కొత్త వాసనతో వచ్చాడు. ఆ బెదురు పక్కదాని మీద తీరింది. ఫినాయిల్ మానేసి సబ్బునీళ్ళతో కడగండి. కొన్నాళ్ళు రెండింటినీ వేరే గదుల్లో పెట్టండి. గిన్నెలు, ఇసుక తట్టలు వేరు చేయండి. ఒకటి పడుకున్న గుడ్డ ఇంకోదాని దగ్గర వేయండి. పుండు మానాక రెండింటికీ ఒకే రోజు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేద్దాం."

అన్నీ చేశాను. నల్లదాన్ని వెనక గదిలో పెట్టి, దానికి కాపలా అని నా దిండు కూడా అక్కడికే తెచ్చుకున్నాను. తలుపుకు చెరో వైపు ఉండి బుసకొట్టుకోవడం తగ్గింది. కానీ ఆయన దగ్గరికి మాత్రం ఏదీ పోలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనతో బాయిలో పనిచేసే అన్న గేటు దగ్గర నిలబడ్డాడు. చేతిలో ముడివేసిన ప్లాస్టిక్ కవరు. అందులో ఆయన డ్యూటీ చొక్కా చెయ్యి కనబడింది.  బాయికాడ మనిషి పోతే ఒంటిమీది బట్టలు ఇలాగే ఇంటికొస్తాయి. మనిషి లోపలే నిద్రపోతున్నాడని తెలిసీ, వెనక్కి తిరిగి ఆ చీకటి గదిలోకి చూశాను. ఊపిరి చప్పుడు వినబడలేదు.

"భయపడకు చెల్లె," అన్నాడు ఆ అన్న గబగబా. "డ్యూటీల గుండెనొప్పొచ్చిన రోజు దవాఖాన్ల విప్పిన బట్టలు. మనిషి లేకుంట ఉత్తబట్టలు ఇంటికి ఎట్ల పంపాలె? మంచిగ తిరిగొచ్చినంక ఇద్దామని దాచిన. ఉతకలే, ఏమనుకోకు."

లోపలికి పరిగెత్తాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాడు. కవరు విప్పి మంచం మీద పెట్టాను. బొగ్గు, చెమట, తంబాకు కలిసిన ముక్కిన వాసన గదంతా లేచింది. ఆయనకు ఏం తోచిందో, ఆ చొక్కా తీసి భుజాల మీద కప్పుకున్నాడు.

పసుపుది ముందు వచ్చింది. చొక్కా అంచు వాసన చూసి, చెంప రుద్ది, ఆయన ఒళ్ళోకెక్కింది. వెనక గది తలుపు సరిగా వేయలేదు కాబోలు, నల్లదీ వచ్చింది. నేను చీపురు అందుకున్నాను. అవసరం పడలేదు. అది ఆయన మోచేతి కింద దూరి, తమ్ముడి చిరిగిన చెవిని నాకడం మొదలుపెట్టింది.

ఆయన వాటిని నిమురుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"పిల్లులకు అంటె నా వాసన తెలువలే. మరి నువ్వెందుకు ఎనుక అర్రల పండుకుంటున్నవే?"

నాకు ఏడుపొచ్చింది. కాపలా అని చెప్పలేకపోయాను. మంచం మీద ఆయన పక్కన కూర్చుని, ఆ మురికి చొక్కాలో ముఖం పెట్టి గట్టిగా గాలి పీల్చాను. మా ఆయనే.